జంప్ క్యూ కొనే ముందు మీరు ఆడే టేబుల్‌ను చూడండి

పూల్ ఆటలో మనం కొట్టవలసిన బంతికీ తెల్ల బంతికీ నడుమ ఎదుటివారి బంతి అడ్డుగా నిలిచినప్పుడు, తెల్ల బంతిని టేబుల్ అంచు రబ్బరుకు, అంటే కుషన్‌కు కొట్టి చుట్టూ తిప్పి తీసుకురావడం ఒక దారి, అడ్డున్న బంతి మీదుగా దూకించడం ఇంకో దారి. ఈ రెండో పని కోసమే తయారైన పొట్టి క్యూను, అంటే బంతిని కొట్టే కర్రను, జంప్ క్యూ అంటారు. బెంగళూరులో మారతహళ్లి, బెళ్లందూరు, కె.ఆర్. పురం వైపు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రం పూట పూల్ పార్లర్లలో కలిసే మన తెలుగువారిలో సొంత క్యూ ఉన్నవారు తక్కువేమీ కాదు. అలాంటివారు ఆట క్యూ తర్వాత కొనాలని ఆశపడేది చాలావరకు దీన్నే. ఏది కొనాలి, ఎంత పెట్టాలి, కొన్నాక ఎలా నేర్చుకోవాలి అని నన్ను అడిగేవారి కోసం, నేను వాడి చూసిన మూడు రకాల క్యూలను పక్కపక్కన పెట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పది వేల రూపాయల లోపు దొరికే, గట్టి టిప్ (బంతిని తాకే కొస) ఉన్న తేలికపాటి జంప్ క్యూ మనలో చాలామందికి సరిపోతుంది. అంతకు మించి ఖర్చు పెట్టబోయేవారు ముందుగా తాము రోజూ ఆడే టేబుల్ ఎలాంటిదో, దాని మీద జంప్ కొట్టనిస్తారో లేదో తెలుసుకోవడం మంచిది.

బెంగళూరులో క్యూ ఆటలంటే మొదట గుర్తుకొచ్చేది స్నూకరే. పంకజ్ అద్వానీ వంటి ప్రపంచ విజేత ఈ నగరంలోనే, కర్ణాటక స్టేట్ బిలియర్డ్స్ అసోసియేషన్ టేబుళ్ల మీద, అరవింద్ సవూర్ శిక్షణలో ఎదిగాడు. స్నూకర్ నిబంధనల ప్రకారం తెల్ల బంతిని మరో బంతి మీదుగా దూకించడం ఫౌల్. అందువల్ల స్నూకర్ ఆడి ఆడి పూల్‌కు వచ్చినవారికి జంప్ షాట్ చూడగానే ఇదేదో తొండి ఆట అనిపిస్తుంది. పార్లర్ యజమానుల్లోనూ ఈ భావన బలంగా ఉంది. పూల్‌లో మాత్రం అది పూర్తిగా చెల్లే షాట్. ప్రపంచ పూల్ సంస్థ డబ్ల్యూపీఏ నిబంధనలు కోరేదల్లా ఒక్కటే: క్యూ వెనుక భాగాన్ని పైకెత్తి తెల్ల బంతిని కిందికి, అంటే టేబుల్ ఉపరితలం మీదికి కొట్టాలి, అక్కడి నుంచి అది తిరిగి ఎగరాలి. టిప్‌ను బంతి అడుగున దూర్చి, బాణలిలో గారెను గరిటెతో తీసినట్టు పైకి లేపితే అది ఫౌల్. కొత్తవారు కొట్టే జంపుల్లో చాలా భాగం ఈ గరిటె జంపులే అయినా, స్నేహితుల మధ్య ఆటలో ఎవరూ అభ్యంతరం చెప్పరు గనుక ఆ అలవాటు అలాగే ముదిరిపోతుంది.

అదే సంస్థ క్యూల కొలతలకు కూడా హద్దులు పెట్టింది. ఏ క్యూ అయినా 40 అంగుళాల కన్నా పొట్టిగా ఉండరాదు, 25 ఔన్సుల బరువు మించరాదు, టిప్ వెడల్పు 14 మిల్లీమీటర్లు దాటరాదు. జంప్ క్యూ కొనేవారు వీటిలో పొడవును తప్పనిసరిగా టేపుతో కొలిచి చూసుకోవాలి. పొట్టిగా ఉన్నకొద్దీ చేతిలో తేలిగ్గా ఆడుతుంది గనుక 40 అంగుళాలకు లోపున్న సరుకు కూడా అమ్మకానికి దొరుకుతుంది. ఇంట్లో సరదాగా ఆడుకోవడానికి అది పనికిరావచ్చు గాని, నిబంధనలు పాటించే పోటీకి తీసుకువెళితే పక్కన పెట్టించేస్తారు.

ఈ క్యూ ఎలా పనిచేస్తుందో తెలిస్తే కొనేటప్పుడు మోసపోయే అవకాశం తగ్గుతుంది. పూల్ బంతి వ్యాసం 2.25 అంగుళాలు, అంటే 57.15 మిల్లీమీటర్లు, బరువు 156 నుంచి 170 గ్రాముల వరకు ఉంటుంది. మనం మామూలుగా ఆడే క్యూ 57, 58 అంగుళాల పొడవుతో, 18 నుంచి 21 ఔన్సుల బరువుతో, అంటే బంతికి మూడింతలో అంతకు పైనో బరువుతో ఉంటుంది. అంత బరువైన వస్తువు తన కన్నా తేలికైన బంతిని ఢీకొన్నాక కూడా ముందుకే సాగుతుంది. కాబట్టి టేబుల్‌కు తగిలి పైకి లేవబోయే బంతికి టిప్ మళ్లీ అడ్డుపడి దాన్ని అక్కడే నొక్కేస్తుంది. జంప్ క్యూ బరువు సాధారణంగా 8 నుంచి 10 ఔన్సుల మధ్య ఉంటుంది. దెబ్బ తగలగానే దాని వేగంలో చాలా భాగం బంతికి వెళ్లిపోయి, క్యూ వెనకబడి, బంతి లేచే దారికి అడ్డు తొలగిపోతుంది. మామూలు క్యూతోనూ జంప్ కొట్టవచ్చు, కొట్టేవారు ఉన్నారు. అయితే దానికి చాలా ఎక్కువ నైపుణ్యం కావాలి, అడ్డున్న బంతి కొంచెం దూరంగా ఉండాలి.

బరువు కన్నా కూడా ఎక్కువ తేడా తెచ్చేది టిప్. తోలు టిప్ దెబ్బ తగిలినప్పుడు కొద్దిగా నొక్కుకుని, శక్తిలో కొంత భాగాన్ని తానే మింగేస్తుంది. ఆట క్యూకు ఈ గుణమే వరం, ఎందుకంటే బంతికి తిప్పుడు ఇవ్వాలంటే టిప్ దాన్ని కాస్త పట్టుకోవాలి. జంప్‌కు మాత్రం ఇది శాపం. అందుకే మంచి జంప్ క్యూలకు ఫినాలిక్ అనే గట్టి రెసిన్‌తో చేసిన టిప్ వేస్తారు. బెల్జియంలోని సాలూక్ కంపెనీ తయారు చేసే అరామిత్ బంతులు కూడా ఫినాలిక్ రెసిన్‌వే; కాబట్టి అలాంటి టిప్ తెల్ల బంతిని తాకినప్పుడు రెండు బంతులు ఢీకొన్నప్పటి చప్పుడే వినిపిస్తుంది. దుకాణంలో క్యూ చేతికిచ్చినప్పుడు టిప్‌ను ఒక బంతి మీద మెల్లగా తట్టి వినండి. టక్కుమని పొడిగా మోగితే అది గట్టి టిప్; మందంగా, దుప్పటి కప్పినట్టు వినిపిస్తే అమ్మేవారు ఏ పేరు చెప్పినా అది తోలే.

ఇక నేను వాడిన క్యూల సంగతి. మొదటిది ఆన్‌లైన్‌లో మూడు, నాలుగు వేలకు దొరికే పేరు లేని రకం. ఇదే సరుకు వేర్వేరు స్టిక్కర్లతో వేర్వేరు చోట్ల అమ్ముడుపోతోంది గనుక ఏ పేరూ చెప్పనవసరం లేదు. చాలా తేలిక అని వివరణలో రాసిన క్యూను వంటింటి త్రాసు మీద పెడితే దాదాపు 400 గ్రాములు, అంటే 14 ఔన్సులు తూగింది. టిప్ తోలుది. అన్నిటికన్నా పెద్ద లోపం జాయింట్‌లో ఉంది: బిగించాక ముందు భాగమైన షాఫ్ట్‌కూ వెనుక భాగమైన బట్‌కూ మధ్య గోరు అంచు దూరేంత సందు ఒక పక్కన మాత్రమే కనిపిస్తుంది, కొట్టిన ప్రతిసారీ సన్నని కిరకిర వస్తుంది. అడ్డున్న బంతి అర మీటరు దూరంలో ఉంటే ఈ క్యూతోనూ దాటించవచ్చు, అయితే ఎంత బలంగా కొట్టాల్సి వస్తుందంటే తెల్ల బంతి ఎక్కడ ఆగుతుందో మన చేతిలో ఉండదు. కుతూహలం తీర్చుకోవడానికి తప్ప దీన్ని కొనమని నేను ఎవరికీ చెప్పను.

రెండోది ఇక్కడే స్నూకర్ సామాన్లు అమ్మే ఒక దుకాణంలో, పది వేలకు కొంచెం తక్కువగా పడింది. మేపుల్ చెక్క షాఫ్ట్, ఫినాలిక్ టిప్, 41 అంగుళాల పొడవు, సుమారు 260 గ్రాముల బరువు. బట్ లోపల బోలుగా ఉండడం వల్ల ఈ తేలికదనం వచ్చింది. దుకాణంలో ఒక స్నూకర్ టేబుల్ ఉంది గనుక షాఫ్ట్‌ను విడదీసి దాని మీద దొర్లించి చూశాను. షాఫ్ట్ కింద వెలుతురు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతూ కదిలితే అది వంగినట్టు లెక్క, స్థిరంగా కనిపిస్తే నిటారుగా ఉన్నట్టు. ఇవాళ నేను సొంతంగా వాడుతున్నది ఈ క్యూనే. అడుగు దూరంలో ఉన్న బంతిని ముంజేతి విసురుతోనే దాటించగలుగుతున్నాను, భుజం బలం పెట్టాల్సిన అవసరం రావడం లేదు. లోపమంటూ చెప్పాలంటే పట్టు దగ్గర వార్నిష్ మరీ నున్నగా ఉంది. చెమట పట్టిన చేతిలో జారుతుంది. సైకిల్ దుకాణంలో దొరికే రబ్బరు పట్టీ చుట్టుకుంటే ఆ ఇబ్బంది తీరిపోయింది, బరువు కూడా చెప్పుకోదగినంత పెరగలేదు.

మూడోది ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా మిత్రుడిది, అమెరికా నుంచి తెప్పించుకున్న కార్బన్ షాఫ్ట్ క్యూ. ప్రెడేటర్ ఎయిర్, క్యూటెక్ ప్రొపెల్, మెజ్ ఎయిర్ డ్రైవ్, జాకోబీ జంపర్ వంటి పేర్లు ఈ పై తరగతిలో వినిపిస్తాయి. సుంకం, రవాణా కలుపుకుంటే నా క్యూకు కొన్ని రెట్లు అవుతుంది. రెండింటినీ ఒకే టేబుల్ మీద, ఒకే దూరాల నుంచి మార్చి మార్చి కొట్టి చూశాము. అడుగు, ఆ పైన దూరంలో ఉన్న అడ్డుల విషయంలో నాకు తేడా కనిపించలేదు. అడ్డున్న బంతి జానెడు దూరానికి వచ్చినప్పుడు మాత్రం కార్బన్ క్యూ నిజంగానే మెరుగు: తక్కువ దెబ్బకే బంతి నిలువుగా లేచింది, గురి కూడా తక్కువ తప్పింది. ఆటలో అంత దగ్గరి జంప్ అవసరమయ్యే సందర్భాలు తక్కువ, వచ్చినప్పుడు ఆ షాట్‌ను నమ్ముకోగలిగే ఆటగాళ్లు ఇంకా తక్కువ. ఆ ఒక్క లాభం కోసం అంత సొమ్ము పెట్టడం పోటీలకు తరచుగా వెళ్లేవారికి సబబు కావచ్చు. ఆఫీసు అయ్యాక గంటసేపు ఆడుకునేవారికి కాదు.

బ్రేక్ (ఆట మొదట్లో బంతులను చెదరగొట్టే దెబ్బ), జంప్ రెండూ ఒకదానిలోనే అని చెప్పి అమ్మే మూడు ముక్కల క్యూలు కూడా ఉన్నాయి. మొత్తం బిగిస్తే బ్రేక్ కొట్టవచ్చు, వెనుక ముక్క విప్పేస్తే పొట్టి జంప్ క్యూ అవుతుంది. సంచిలో చోటు కలిసొస్తుంది, ధర కూడా రెండు వేరువేరుగా కొన్నదానికన్నా తగ్గుతుంది. కానీ బ్రేక్‌కు తగ్గట్టు తయారైన ముందు భాగం విడదీశాక కూడా జంప్‌కు కావలసినంత తేలిగ్గా ఉండదు. బ్రేక్ క్యూ ఎలాగూ కొనాలనుకుంటున్నవారికి ఇది మధ్యేమార్గం. జంప్ నేర్చుకోవడమే ఉద్దేశమైతే విడి క్యూ తీసుకోవడం మేలు.

ఇంతవరకు చెప్పినదంతా క్యూ గురించి. అయితే ఒకే క్యూ ఒక పార్లర్‌లో చక్కగా దూకించి, ఇంకో పార్లర్‌లో మొరాయించడం నేను చాలాసార్లు చూశాను. దానికి కారణం టేబుల్. జంప్‌లో బంతిని పైకి లేపేది మన చెయ్యి కాదు, గుడ్డ కింద ఉన్న పలక. నిజమైన రాతి పలక, అంటే స్లేట్ ఉన్న టేబుల్ మీద, పలుచటి నునుపైన గుడ్డ బిగుతుగా పరిచి ఉంటే బంతి బాగా ఎగురుతుంది. ఆఫీసు రిక్రియేషన్ గదుల్లోనూ, అపార్ట్‌మెంట్ క్లబ్బు హౌసుల్లోనూ పెట్టే చవక టేబుళ్లలో చాలావాటికి రాయి బదులు చెక్కపొట్టు అట్ట ఉంటుంది, దాని మీద నూగు ఎక్కువున్న మందపాటి గుడ్డ. అక్కడ ఎంత ఖరీదైన క్యూ తెచ్చినా దెబ్బలో సగం అట్టలోకే ఇంకిపోతుంది. తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: తెల్ల బంతిని జానెడు ఎత్తు నుంచి టేబుల్ మధ్యలో మెల్లగా వదలండి. స్లేట్ మీద అది గట్టి చప్పుడుతో స్పష్టంగా తిరిగి లేస్తుంది. అట్ట మీద డొల్లగా మోగి అక్కడే చతికిలబడుతుంది. మీరు ఎక్కువగా ఆడే టేబుల్ రెండో రకానిదైతే జంప్ క్యూ కొనడం వాయిదా వేసుకోండి.

స్లేట్ టేబుల్ దొరికినా యజమాని ఒప్పుకోవాలి. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ పార్లర్ నడుపుతున్న ఒకాయన నా చేతిలో పొట్టి క్యూ చూడగానే దగ్గరికి వచ్చి, "అన్నా, జంపులు మాత్రం వద్దన్నా, మొన్ననే గుడ్డ మార్చినాము, చుక్కలు పడిపోతాయి" అన్నారు. ఆయన భయం నిజమే. కిందికి కొట్టిన ప్రతి జంప్‌కూ తెల్ల బంతి గుడ్డను ఒత్తి, రాపిడికి అక్కడ తెల్లని చుక్క లాంటి మచ్చ మిగులుతుంది. ఒకేచోట మళ్లీ మళ్లీ కొడితే దారాలు అరిగి గుడ్డ చిరుగుతుంది కూడా. దీనికి ఆటగాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. పాత పూల్ గుడ్డ ముక్కను అరచేతి అంత కత్తిరించి, సాధన చేసేటప్పుడు తెల్ల బంతి కింద వేసుకుంటే ఆ రాపిడి ముక్క మీదే పడుతుంది. ఆ ముక్క చూపించి, ఖాళీగా ఉండే మధ్యాహ్నం వేళ మూల టేబుల్ మీదే ఆడతానని మాటిచ్చాక ఆయన ఒప్పుకున్నారు. "సరేలే అన్నా, శని ఆదివారాలు మాత్రం అడగొద్దు" అన్న షరతు పెట్టారు, అది న్యాయమే. గుడ్డ మార్చిన కొత్తలో ఎవరినీ అడగకపోవడం మర్యాద.

ఇక నేర్చుకోవడం. మొదటి మెట్టు క్యూ ఎత్తు. అడ్డున్న బంతి అడుగో అడుగున్నరో దూరంలో ఉంటే క్యూను 30 నుంచి 45 డిగ్రీల వరకు ఎత్తితే చాలు. దగ్గరైనకొద్దీ ఇంకా నిలువుగా ఎత్తాలి. బంతి లేచే కోణం క్యూ ఎత్తిన కోణం కన్నా తక్కువగానే ఉంటుంది, కాబట్టి కంటికి కాస్త ఎక్కువ అనిపించేంత ఎత్తడమే సరైనది. ఎడమచేతి వేళ్ల కొసలను గుడ్డ మీద గట్టిగా నాటి, అరచేతిని పైకి లేపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య క్యూను ఆనించాలి. వేలు చుట్టి మూసే బ్రిడ్జి (క్యూకు ఇచ్చే చేతి ఆసరా) ఇక్కడ పనికిరాదు. గురి విషయంలో చాలామంది టేబుల్ వైపు నుంచి చూసి బంతి మధ్యభాగాన్ని వెతుకుతారు. చూడవలసింది క్యూ వెంబడి. క్యూ వెనుక నుంచి దాని గీత వెంట చూసినప్పుడు బంతి గుండ్రంలో కనిపించే నడిబొడ్డే మన లక్ష్యం. దానికి పైన తగిలితే బంతి నొక్కుకుని లేవకుండా ముందుకు దొర్లిపోతుంది, బాగా కింద తగిలితే గరిటె జంప్ అవుతుంది, పక్కకు ఏమాత్రం తప్పినా క్యూ ఎత్తి ఉండడం వల్ల బంతి వంకరగా తిరిగి వెళ్లిపోతుంది. సగానికి సగం జంపులు తప్పేది ఎత్తు చాలక కాదు, ఈ పక్క తేడా వల్లే అని నా పరిశీలన.

దెబ్బ పొట్టిగా, చురుకుగా ఉండాలి. బలం ఉపయోగపడదు, వేగం ఉపయోగపడుతుంది. పట్టు ఎంత వదులుగా ఉంటే దెబ్బ తగిలాక క్యూ అంత తేలిగ్గా వెనక్కి తగ్గి బంతికి దారి ఇస్తుంది. పిడికిలి బిగిస్తే చెయ్యి బరువు కూడా క్యూకు తోడై, తేలిక క్యూ కొన్న లాభమే పోతుంది. 45 డిగ్రీలకు మించి ఎత్తాల్సి వచ్చినప్పుడు మామూలు ఊపుడు కుదరదు. అప్పుడు డార్ట్ పద్ధతి వాడతారు: క్యూ బట్‌ను బొటనవేలు, రెండు వేళ్ల మధ్య కలం పట్టినట్టు పైనుంచి పట్టుకుని, మోచేయిని పైకెత్తి, మణికట్టుతో విసిరినట్టు కొట్టాలి. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది, అలవాటయ్యాక మాత్రం దగ్గరి జంపులకు ఇదే నిలకడగా పనిచేస్తుంది. పొడవాటివారికి ఇది త్వరగా పట్టుబడుతుంది. నా ఎత్తు వారు టేబుల్ అంచుకు ఆనుకుని మునివేళ్ల మీద నిలబడక తప్పదు, అలా నిలబడినప్పుడు కూడా కనీసం ఒక పాదం నేల మీద ఉండాలన్న నిబంధన గుర్తుంచుకోవాలి.

సాధన మొదట బంతితో మొదలుపెట్టకండి. తెల్ల బంతికి అడుగు దూరంలో టిప్‌కు రాసే చాక్ ముక్క ఒకటి పెట్టి దాన్ని దాటించండి. చాక్ ఎత్తు బంతి ఎత్తులో సగం కూడా ఉండదు గనుక మొదటి గంటలోనే విజయం రుచి తెలుస్తుంది, తప్పినా ఏ బంతీ గాల్లోకి లేవదు. తర్వాత అదే దూరంలో బంతిని పెట్టి, దాని అంచు మీదుగా, అంటే సగం అడ్డుగా ఉండేటట్టు దాటించాలి. పూర్తి బంతిని నిండుగా దాటించడం ఆ తర్వాతే. లక్ష్యంగా పెట్టుకునే బంతి ఎక్కడ ఉండాలన్నది చాలామంది పట్టించుకోని విషయం. అడ్డు సరిగ్గా ఎగిరే దారి మధ్యలో ఉందనుకుంటే, ఇవతల ఎంత దూరమో అవతల అంత దూరం వెళ్లాకే తెల్ల బంతి దిగుతుంది. లక్ష్యం అంతకన్నా దగ్గర ఉంటే తెల్ల బంతి గాల్లో ఉండగానే దాని నెత్తికి తగిలి, టేబుల్ దాటి కిందపడవచ్చు, అలా పడితే అది ఫౌల్. కాబట్టి అడ్డుకు ఉన్న దూరానికి రెట్టింపు కన్నా ఎక్కువ దూరంలో లక్ష్యం ఉన్నప్పుడే జంప్‌ను ఎంచుకోవడం తెలివైన పని. పక్క టేబుల్ మీద ఎవరైనా ఆడుతుంటే వారి వైపు కాకుండా గోడ వైపు తిరిగి కొట్టండి; 160 గ్రాముల బంతి మోకాలికి తగిలితే సాధన ఆ రోజుకు అంతటితో ముగుస్తుంది.

జంప్ వచ్చాక ప్రతి అడ్డుకూ పొట్టి క్యూ తీయాలనిపించడం సహజం. నైన్ బాల్ అనే పూల్ ఆటలో అతి తక్కువ అంకె ఉన్న బంతినే మొదట తాకాలి, తాకకపోతే ఎదుటివారికి తెల్ల బంతి చేతికి వస్తుంది, అంటే దాన్ని కోరినచోట పెట్టి ఆడవచ్చు, వరుసగా మూడు ఫౌళ్లు చేస్తే ఆ ఫ్రేమే, అంటే ఆ ఒక్క ఆటే పోతుంది. అలాంటప్పుడు లెక్కకు చిక్కే దారి దొరికితే తెల్ల బంతిని ఒక కుషన్‌కు కొట్టి తిప్పే కిక్ షాటే భద్రం. కిక్‌లో తెల్ల బంతి వేగం మన అదుపులో ఉంటుంది. కుషన్ దారి కూడా మూసుకుపోయినప్పుడు జంప్ మాత్రమే మిగులుతుంది. రిఫరీ లేని ఆటల్లో తెల్ల బంతి ఫౌళ్లనే లెక్కించే ఏర్పాటు ఉన్నా, దూకించబోయి అడ్డున్న బంతిని కదిలిస్తే అది ఫౌలే అని చెప్పే నిబంధనలు కూడా ఉన్నాయన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఈ ఒక్క విషయం మీద పార్లర్లలో జరిగే వాదనలు అంతా ఇంతా కాదు.

స్థానిక పోటీలకు వెళ్లేవారు ప్రవేశ రుసుము కట్టే ముందే నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి. కొందరు జంప్ క్యూను పూర్తిగా అనుమతిస్తారు, కొందరు మామూలు క్యూతో మాత్రమే దూకించమంటారు, కొందరు గుడ్డ మీది ప్రేమతో అసలు జంపే వద్దంటారు. రోజువారీ జాగ్రత్త విషయానికి వస్తే, చెక్క షాఫ్ట్ ఉన్న క్యూను ఎండాకాలంలో కారు డిక్కీలో వదలకండి; బెంగళూరులో ఫరవాలేదనిపించినా, సెలవులకు నెల్లూరో కడపో వెళ్లినప్పుడు ఒక్క మధ్యాహ్నం చాలు అది వంగడానికి. ఫినాలిక్ టిప్ చాక్‌ను తోలంత బాగా పట్టి ఉంచదు గనుక ప్రతి జంప్‌కు ముందు కొత్తగా చాక్ రాయాలి, అప్పుడప్పుడు సన్నని గరుకు కాగితంతో పైపైన రుద్దితే పట్టు తిరిగి వస్తుంది.

ఇప్పటికే చవక క్యూ కొనేసినవారు దాన్ని మూలన పడేయనక్కరలేదు. బరువు తగ్గించలేము గాని టిప్ మార్పించుకోవచ్చు, సగం లోపం దాంతో తీరుతుంది. పాత స్నూకర్ క్లబ్బుల్లో టిప్పులు మార్చే మార్కర్ల (టేబుళ్లు చూసుకునే పనివారి) దగ్గర సాధారణంగా తోలు టిప్పులే ఉంటాయి గనుక 14 మిల్లీమీటర్ల ఫినాలిక్ టిప్ మీరే తెప్పించుకుని పట్టుకెళ్లండి. తోలును బ్లేడుతో చెక్కినట్టు దీన్ని చెక్కడం కుదరదు, లేత్ మీద తిప్పి అంచు సరిచేయాలి. ఆ యంత్రం ఉన్నచోటే ఇవ్వండి, అంచు ఫెరూల్‌తో (టిప్ కింద ఉండే తొడుగుతో) సమంగా కూర్చుందో లేదో అక్కడే వేలితో తడిమి చూసుకుని తీసుకోండి.